గుడికి రంగులు వేసే ముందు రాతిమీది రాత సంగతి చూడండి

సంపాదకులకు,

నమస్కారం. ఎండలు ముదిరి జాతరలు దగ్గర పడేసరికి నల్లగొండ, పాలమూరు జిల్లా పేజీల్లో ఒక తరహా వార్త మొదలవుతుంది. ఫలానా ఊరి శివాలయానికి కొత్త శోభ, దాతల సహకారంతో జీర్ణోద్ధరణ అని. పక్కన ఫొటో. అందులో తళతళలాడే గుడి, ముందు వరుసలో కమిటీ పెద్దలు, వాళ్ల వెనక ఓ మూలన నిలువునా నీలం రంగు పూసిన నాలుగు పలకల రాతికంబం. వార్తలో ఆ కంబం గురించి ఒక్క ముక్క ఉండదు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ కాలువ కింద ఎంత మడి గుడికి రాసిచ్చారు, పొలానికి తూర్పు హద్దు ఏది అన్నది ఆ కంబం మీదే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులు పుట్టకముందు ఊరికి ఆ శాసనమే దస్తావేజు.

గుడి బాగు చేసుకోవద్దని మేం అనడం లేదు. పని మొదలయ్యే ముందు ఒక్క రోజు శాసనానికి ఇమ్మంటున్నాం. ఆ రోజు ఏం చేయాలి, ఏం చేస్తే చెడుతుంది అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, మన్నించగలరు.

ముందు శాసనాన్ని గుర్తుపట్టాలి. గుడి ముందరి కంబం ఒక్కటే చూసి ఊరుకుంటే సగం పోయినట్టే. మంటపం దూలాల మీద, గడప పక్కన, ధ్వజస్తంభం దిమ్మె కింద, చెరువు తూము రాళ్ల మీద, కట్ట మీది ఆంజనేయుని గుడి వెనక బండకు కూడా రాతలుంటాయి. కాకతీయుల నాటి కంబాలకు తల భాగాన సూర్యుడు, చంద్రుడు, లింగం, ఆవు దూడ చెక్కి ఉండడం మామూలు. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం నిలవాలని ఆ గుర్తుల భావం. గుప్తనిధుల పిచ్చి పట్టినవాళ్లు వీటినే నిధి గుర్తులనుకుని కంబాన్ని పెకలించి కింద గొయ్యి తీస్తారు. కింద మట్టి తప్ప ఏమీ ఉండదు. శాసనం పాతింది హద్దు తెలపడానికీ దానం చాటడానికీ తప్ప కుండ దాచడానికి కాదు. నిజానికి చాలా శాసనాల చివర ఈ తవ్వేవాళ్లకు చెప్పినట్టే ఒక శ్లోకం ఉంటుంది: ‘స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః’. తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా ఆ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని.

రాత చదవరాలేదని అది తెలుగు కాదని వదిలేయడం ఇంకో పొరపాటు. మన ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉంది కాబట్టి కొలనుపాకలో, పానుగల్లులో, పాలమూరు పల్లెల్లో కన్నడ భాషలో శాసనాలు దొరుకుతాయి. అప్పటి లిపి తెలుగుకూ కన్నడకూ దాదాపు ఒకటే. అలంపురంలో బాదామి చాళుక్యుల నాటివి సంస్కృతంలో కూడా ఉన్నాయి. భాష ఏదైనా ఊరు మనదే.

ఇక చెడగొట్టే పనులు. అన్నిటికన్నా చెడ్డది ఇసుక బ్లాస్టింగ్. కంప్రెసర్ గాలితో ఇసుకను రాతిమీదికి కొట్టి, మసి, జిడ్డు, పాత సున్నం ఒక్క పూటలో ఊడగొడతారు. రాయి కొత్తదానిలా తెల్లగా వస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. జరిగేది వేరు. మన గుళ్లు ఎక్కువగా గ్రానైటు. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానకు ఆ రాతి పైపొరలో ఫెల్స్‌పార్ గింజలు మెత్తబడి ఉంటాయి, వాటి మధ్య క్వార్ట్జ్ గింజలు గట్టిగానే నిలిచి ఉంటాయి. ఇసుక దెబ్బకు మెత్తబడిన గింజ ముందు రాలుతుంది, పట్టు తప్పిన క్వార్ట్జ్ దాని వెంటే పోతుంది. చాలా శాసనాల్లో అక్షరం లోతు బియ్యపు గింజ మందానికి అటూ ఇటుగా ఉంటుంది. అందులో ఒక్క మిల్లీమీటరు పోయినా అంచు గుండ్రబడి, తలకట్టేదో దీర్ఘమేదో తెలియకుండా పోతుంది. నల్లశానపు రాయి ఇంతకన్నా తట్టుకుంటుంది గాని దాని నునుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. పోయిన అక్షరాన్ని తిరిగి తెచ్చే విద్య ఏ శాఖ దగ్గరా లేదు. గ్రైండరు, వైరు బ్రష్షు కూడా ఇదే కోవ. వైరు ముక్కలు రాతి సందుల్లో ఇరుక్కుని తుప్పు పట్టి ఎర్రటి మరకలు వేయడం అదనం.

తర్వాతిది ఆయిల్ పెయింటు. రాయి నేలనుంచి తేమను పీల్చి పైనుంచి ఆవిరిగా వదులుతుంది. మీద ఎనామిల్ పొర పడితే ఆ దారి మూసుకుపోతుంది. తేమతో పాటు పైకి వచ్చిన ఉప్పు పొర వెనకాలే గడ్డకట్టి, ఉబ్బి, రాతి చర్మాన్ని పెచ్చులుగా లేపుతుంది. మూడు నాలుగేళ్లకు పెయింటు ఊడినప్పుడు దాని వెనక వైపు చూడండి. రాతి గింజలు అంటుకుని ఉంటే అక్షరాలు వాటితోనే వచ్చేశాయన్నమాట. ఈ విషయంలో పాతకాలపు సున్నమే నయం. సున్నం గాలి ఆడనిస్తుంది, కింద అక్షరాన్ని దాస్తుంది గాని తినదు. దాన్ని తీయాలంటే తడిగుడ్డ రాత్రంతా చుట్టి ఉంచి, నానాక వెదురు బద్దతో మెల్లగా గీకితే వస్తుంది. ఓపిక లేక బాత్‌రూములు కడిగే యాసిడ్ పోస్తారు. సున్నం బుసబుస పొంగి పోతుంది, నిజమే. ఆ యాసిడే రాతిలోని ఇనుమును కదిలించి పసుపుపచ్చ చారలు దింపుతుంది, మిగిలిన లవణం లోపలికి ఇంకుతుంది. ఫణిగిరి, నాగార్జునకొండ శిల్పాల్లా సున్నపురాయి అయితే యాసిడ్ శిల్పాన్నే కరిగించేస్తుంది.

మూడోది కనబడకుండా జరిగే నష్టం. గుడి చుట్టూ రెండడుగుల ఎత్తున సిమెంటు గచ్చు పోస్తారు. కంబం అడుగు భాగం అందులో కూరుకుపోతుంది. ఆ అడుగు వరుసల్లోనే పొలం హద్దులు, సాక్షుల పేర్లు, రాసినవాడి పేరు ఉండే అవకాశం ఎక్కువ. కంబం చుట్టూ జానెడు ఖాళీ వదిలి, ఆ గాడిలో కంకర పోసి, నీళ్లు బయటికి పోయేలా వాటం పెడితే గచ్చూ ఉంటుంది, రాతా ఉంటుంది. మేస్త్రీకి ముందే చెబితే ఇదేం పెద్ద పని కాదు.

ఉత్సాహవంతులైన యువకులు చేసే తప్పు ఒకటుంది. ఫొటోలో బాగా కనబడాలని అక్షరాల్లో చాక్‌పీసో తెల్ల పెయింటో నింపుతారు. నింపేవాడు తనకు తోచిన ఆకారాన్నే నింపుతాడు. పాత లిపిలో ‘ప’కూ ‘వ’కూ తేడా చిన్న గీత. ఒకసారి తెల్లరంగు పడ్డాక ఆ రాతను చదివేవాడు రాతిని చదవడం లేదు, రంగు వేసినవాడి ఊహను చదువుతున్నాడు. పసుపు, కుంకుమ, దీపపు నూనె కూడా ఏళ్ల మీద గట్టి పెచ్చు కడతాయి. మొక్కేవాళ్లను ఆపమనడం తగదు, ఆపలేం కూడా. కంబానికి రెండడుగుల ముందు చిన్న పీట రాయి వేసి దీపం, పసుపు అక్కడ పెట్టమంటే ఎవరూ కాదనరు.

ఇప్పుడు ఆ ఒక్క రోజు పని. కావలసింది మామూలు ఫోను, ఒక టార్చి, ఒక టేపు, నోటుపుస్తకం. రాతిని మంచినీళ్లతో, మెత్తటి కొబ్బరి పీచుతో కడగాలి. సబ్బు వద్దు, పౌడరు వద్దు. ఆరాక కంబం నిలబడ్డ చోటుతో సహా దూరంనుంచి ఒక ఫొటో. తర్వాత తూర్పు పలక ఒకటి, దక్షిణం రెండు, పడమర మూడు, ఉత్తరం నాలుగు అని అంకెలు వేసుకుని వరసగా తీయాలి. పక్కన టేపు కనబడాలి. పలక మొత్తం ఒకటి తీశాక పైనుంచి కిందికి దగ్గరగా, ఒక ఫొటోలోని మూడో వంతు తర్వాతిదాంట్లో మళ్లీ వచ్చేట్టు తీసుకుంటూ పోవాలి.

అసలు కిటుకు వెలుతురులో ఉంది. పలకకు ఎదురుగా సూటిగా ఎండ పడేటప్పుడు గానీ ఫ్లాష్ కొట్టిగానీ తీస్తే అక్షరం మాయమవుతుంది, నీడ పడదు కాబట్టి. నడిపొద్దుకు కాస్త ముందు తూర్పు పలక, కాస్త తర్వాత పడమటి పలక తీస్తే రాతిని రాసుకుంటూ పడే ఏటవాలు ఎండకు గీతలన్నీ లేచి కనబడతాయి. ఎండ పడని ఉత్తరపు పలకకు పెద్ద అద్దం పట్టుకుని ఎండను పక్కనుంచి మళ్లించవచ్చు. అన్నిటికన్నా మేలు చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించినంత పక్కగా పట్టి తీయడం. ఒకే చోటును ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి వెలిగించి తీయాలి. ఒక వైపు వెలుగులో కనబడని అక్షరం మీది గుడి, కింది వట్రుసుడి వంటి గుర్తులు ఇంకో వైపు వెలుగులో బయటపడతాయి. ఫోను కదలకుండా ఏదో ఒకదానికి ఆనించడం మరవొద్దు.

కాగితం మీద అచ్చు తీయడం దీనికన్నా పాత పద్ధతి, ఇప్పటికీ దానికి సాటి లేదు. తెలిసినవాళ్లు పక్కన ఉంటేనే చేయాలి, రక్షిత కట్టడాల దగ్గర శాఖ అనుమతి లేకుండా చేయకూడదు. నీళ్లు పీల్చే గట్టి కాగితాన్ని తడిపి, తడిరాతి మీద పరిచి, మధ్యనుంచి అంచులకు తడిగుడ్డతో ఒత్తుతూ గాలి బుడగలు తీసేస్తారు. తర్వాత గట్టి కుచ్చు బ్రష్షుతో నిటారుగా కొడుతూ కాగితాన్ని అక్షరాల లోతుల్లోకి దించుతారు. ఎక్కడైనా చిరిగితే అక్కడికక్కడే తడి ముక్క అతికిస్తారు. కాగితం సగం ఆరాక, గుడ్డలో దూది మూటగట్టిన అద్దకంతో దీపపు మసి సిరాను తేలిగ్గా అద్దుతారు. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. చెడేది ఈ ఆరడం దగ్గరే. మరీ తడిగా ఉన్నప్పుడు అద్దితే సిరా పాకి అక్షరాన్ని పూడ్చేస్తుంది, కాగితం దాటి రాతికీ అంటుతుంది. మరీ ఆరితే కాగితం దానంతటదే ఎగిరొస్తుంది. తీశాక నీడలో ఆరబెట్టి, వెనక పెన్సిలుతో ఊరు, చోటు, పలక అంకె, తేదీ రాసి, చుట్ట చుట్టాలి. మడత పెడితే ఆ మడత మీది వరుస నలుగుతుంది.

తేదీ లెక్క గురించి మీ విలేకరులకు పనికొచ్చే నాలుగు మాటలు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం. పిల్లలమర్రిలో రేచెర్ల వారి గుడిలోని శాసనం శక 1130, అంటే 1208. ఇక్కడితో ఆగకుండా సంవత్సరం పేరుతో సరిచూడాలి. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది. అందులోంచి అరవైలు తీసేస్తూ పోతే 1207 ప్రభవ, 1208 విభవ. శక 1130 అని చదివిన రాతిమీద విభవకు బదులు ఎక్కడో దూరంగా ఉండే పేరు కనబడితే అంకె తప్పు చదివామని అర్థం. గత సంవత్సరమా, నడుస్తున్న సంవత్సరమా అన్నదాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ కావడం మామూలే. అంకెలకు బదులు మాటలు వాడిన శ్లోకాలూ ఉంటాయి. వేదాలంటే 4, బాణాలంటే 5, రుద్రులంటే 11. వాటిని కుడినుంచి ఎడమకు పేర్చుకోవాలి.

పత్రికల్లో తరచూ దొర్లే తప్పు చాళుక్య విక్రమ శకం దగ్గర. కల్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు తన పేరిట మొదలుపెట్టిన ఈ లెక్కకు తొలి ఏడు 1076. కాబట్టి రాతిమీద ‘చాళుక్య విక్రమ వర్షం 49’ అని ఉంటే 1075 కలిపి 1124 అనుకోవాలి. ఇది ఉత్తరాది క్యాలెండర్ల విక్రమ సంవత్ కాదు. రెండింటినీ కలిపేస్తే పన్నెండో శతాబ్దపు గుడి క్రీస్తు పుట్టకముందుకు వెళ్లిపోతుంది, శీర్షిక మాత్రం ఘనంగా ఉంటుంది: ‘రెండు వేల ఏళ్ల నాటి ఆలయం’.

ఇంతా దేనికంటే, ఈ ప్రాంతపు చరిత్ర రాజధానుల్లో కన్నా ఇలాంటి రాళ్లలోనే ఎక్కువ ఉంది. పానుగల్లు ఏలిన కందూరు చోడులు గానీ, వర్ధమానపురపు గోన వారు గానీ మనకు ఎక్కువగా తెలిసింది శాసనాల వల్లే. భూత్పూరు దగ్గర దొరికిన 1276 నాటి బూదపురం శాసనం లేకపోతే, తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకునే కుప్పాంబిక మల్యాల గుండన భార్య అని మనకెలా తెలిసేది? ఇంద్రపాలనగరం అనే తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకులు విష్ణుకుండినుల వంశక్రమాన్నే తిరగరాయించాయి. రాగిరేకుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి: ఇంట్లో రాగి చెంబు తోమినట్టు చింతపండుతో తోమితే పచ్చటి పొరతో పాటు సన్నటి గీత కూడా పోతుంది. రేకులను కలిపే కడియం, దాని మీది ముద్ర కోసేస్తే అది ఏ రాజు ఇచ్చిందో చెప్పే ఆధారమే తెగిపోతుంది. మట్టితో ఉన్నది ఉన్నట్టే పొడి గుడ్డలో చుట్టి అప్పగించాలి.

నాణేలూ అంతే. 2024లో ఫణిగిరి తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసం నాణేలు బయటపడ్డాయి, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (అడ్డం, నిలువు గీతల కొసలకు నాలుగు వృత్తాలు). సీసంగా తూకం వేస్తే వాటికి పాత సామాను దుకాణంలో పెద్దగా ఏమీ రాదు. కుండ ఎంత లోతున, ఏ పొరలో, దేని పక్కన ఉందో రాసుకున్నారు కాబట్టి ఇక్ష్వాకుల నాటి ఆ బౌద్ధ ఆరామంలో డబ్బు ఎలా తిరిగిందో ఆలోచించడానికి వీలైంది. అదే కుండ ఎవరి పలుగుకో తగిలి చేతులు మారి ఉంటే, అవి ఊరూ పేరూ లేని సీసం బిళ్లలు.

ఊళ్లలో ఒక భయం ఉంది, దాన్ని తీర్చకుండా ఎన్ని చెప్పినా దండగ. శాసనం ఉందని తెలిస్తే ప్రభుత్వం భూమి గుంజుకుంటుందని, చుట్టూ ఇల్లు కట్టుకోనివ్వదని. రాతిమీద రాత ఉన్నంత మాత్రాన ఏ స్థలమూ రక్షిత కట్టడం కాదు. దానికి గెజిట్ ప్రకటన కావాలి. వంద మీటర్ల లోపు కట్టకూడదు, ఆ పైన రెండు వందల మీటర్లకు అనుమతి కావాలి అన్న నియమం 2010 సవరణతో చట్టంలోకి ఎక్కింది, అది కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాలకు. రాష్ట్రానికి 2017 నాటి వారసత్వ చట్టం వేరుగా ఉంది. భూమిలో దొరికిన వస్తువు సంగతి వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి, దాస్తే ఏడాది దాకా జైలు. చట్టం పాతదే, ఇంకా నడుస్తోంది.

మీ పత్రికను కోరేది రెండు మూడు విషయాలే. జీర్ణోద్ధరణ వార్త రాసేటప్పుడు విలేకరి ఒక్క ప్రశ్న అడగాలి: ఇక్కడ శాసనం ఉందా, దాని ఫొటో తీశారా అని. ఆ ప్రశ్న పదిసార్లు అచ్చులో వస్తే కమిటీలు తమంతట తామే జాగ్రత్త పడతాయి. శాసనం దొరికిందన్న వార్తలో ‘నిధి’, ‘మిస్టరీ’ వంటి మాటలు తీసేసి, ఏ భాషలో ఉంది, ఎన్ని పలకలు, ఎన్ని వరుసలు, శకం అంకె ఎంత అన్నవి వేయండి. ఎత్తుకుపోగలిగిన విడి విగ్రహమైతే అది ఏ పొలంలో ఏ చెట్టు కింద ఉందో మాత్రం అచ్చు వేయకండి. ఊరి పేరు చాలు.

దేవాదాయ శాఖకు కూడా ఒక మాట. జీర్ణోద్ధరణకు డబ్బు మంజూరు చేసే ఫైలులో అంచనా పట్టికతో పాటు శాసనాల ఫొటోలూ జత చేయమని ఒక్క నిబంధన పెట్టండి. రాళ్లు విప్పి మళ్లీ కట్టే పనైతే ప్రతి రాయికీ అంకె వేసి, నక్షాలో అదే అంకె రాయించండి. శ్రీశైలం ముంపులో పోవలసిన కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురంలో మళ్లీ నిలబెట్టగలిగింది అలా లెక్కగా విప్పి పేర్చడం వల్లే. ఊళ్లలో జేసీబీతో విప్పుతున్నారు. దూలం మెట్టవుతోంది, ద్వారబంధం బట్టలుతికే బండ అవుతోంది.

ఇప్పటికే ఆయిల్ పెయింటు పడిన శాసనాలున్న ఊళ్లవాళ్లు కంగారుపడి థిన్నరు పోయకండి. కరిగిన రంగు అక్షరాల సందుల్లోకి దిగి మరింత పట్టేస్తుంది. రెండు పూతల లోపైతే టార్చి పక్కగా పట్టినప్పుడు అక్షరం రంగు మీద కూడా తెలుస్తుంది. ఫొటోలు తీసి, ఊరు, మండలం రాసి, రాష్ట్ర పురావస్తు శాఖకో మైసూరులోని కేంద్ర శాసన విభాగానికో పంపండి. రంగు తీయడం రసాయన విభాగం వాళ్ల పని, వాళ్లు వచ్చేదాకా అలాగే ఉండనివ్వండి.

అచ్చు తీయించదలచుకున్న కమిటీలు మాత్రం ఎండాకాలం దాకా ఆగకండి. మే నెల ఎండకు తడి కాగితం కళ్ల ముందే ఎండి, బ్రష్షు కొట్టడం పూర్తి కాకముందే రాతినుంచి లేచిపోతుంది. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పొద్దుటి పూట అనువైన సమయం. రంగుల డబ్బాలు వచ్చేది ఆ తర్వాతే.

ఇట్లు,
శాసనాల మీద పనిచేసే కొందరు,
నల్లగొండ